కోల్డ్ స్టోరేజీలో పెళ్లిచూపులు

మా మేనత్తకు పెళ్లి సంబంధం వచ్చిన సాయంత్రం ఇంట్లో కరెంటు లేదు. అందువల్ల ఆ వార్త విన్నప్పుడు మా నాన్న మొహం ఎలా మారిందో నేను చూడలేకపోయాను. గొంతు మాత్రం విన్నాను.

"ఎవరికి?" అన్నాడు.

"మీ అక్కగారికేనండీ," అంది పాస్టరమ్మగారు. "మీకు ఆల్రెడీ అయిపోయింది కదా."

మా అత్తకు అరవై దాటాయి. సోషల్ టీచరుగా రిటైరైంది. మామయ్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. రిటైరైన దగ్గర్నుంచీ మా ఇంట్లోనే ఉంటోంది. మా ఇంట్లో అంటే, మా అమ్మ పెళ్లినాటి ఇత్తడి సామానుకీ, ఎవరూ ఎక్కని ట్రెడ్‌మిల్లుకీ మధ్య దొరికిన జాగాలో ఒక మంచం వేసుకుని. రోజూ సాయంత్రం టీవీలో వార్తలు పెట్టి, రాజధానికని తుళ్లూరులో ఏం కడుతున్నారో, ఏం కట్టడం లేదో ఆవిడా మా నాన్నా గొంతులు పోయేదాకా వాదించుకుంటారు. ఇద్దరికీ అక్కడ సెంటు భూమి లేదు. మా అమ్మతో వాదించే వీలు మా నాన్నకు ఎప్పుడూ కలగలేదు. ఆవిడ వాదించదు, నిర్ణయించేస్తుంది.

పాస్టరమ్మగారు తెచ్చిన సంబంధం ఇదీ. గుంటూరు బైపాస్ పక్కన ఉన్న ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో మెషిన్ ఆపరేటరు. ఉండేదీ ఆ ఆవరణలోనే. మన సంఘమే. భార్య లేదు. ఉన్న ఒక్క కూతురూ పెళ్లయి వేటపాలెంలో ఉంటోంది. ఆ అమ్మాయే, తన తండ్రి ఒంటరిగా ఆ మెషిన్‌తో మాట్లాడుకుంటున్నాడు, మాట్లాడితే బదులిచ్చే మనిషినెవర్నైనా చూడండమ్మా అని బతిమాలిందట.

"బదులివ్వడంలో మా అక్కకి తిరుగులేదు," అన్నాడు మా నాన్న. అది ఒప్పుకోలో, ఫిర్యాదో చీకట్లో తెలియలేదు.

మంచం మీంచి అత్త గొంతు వినిపించింది. "కోల్డ్ స్టోరేజీలో మంచు ఉంటుందా?"

ఇక్కడ మా అత్త బాధ కొంచెం చెప్పాలి. చర్చిలో క్రిస్మస్ క్రిబ్ పెట్టేది ప్రతి ఏడాదీ ఆవిడే. పశువుల పాక, తొట్టి, పైన నక్షత్రం, పాక కప్పు మీద తెల్లగా మంచు. గ్రీటింగ్ కార్డులన్నిటి మీదా మంచు ఉంటుంది కనుక మా బేత్లెహేములో కూడా ఉండి తీరాలి. మా వైపు మంచుకి కరువు గానీ పత్తికి కాదు. ఎవరి చేలోంచైనా ఒక బస్తా తెచ్చి, గింజలు తీసి, కప్పు మీద పరుస్తారు. ఒక ఏడాది గింజలు తీసే ఓపిక లేక అలాగే పరిచారు. తెల్లారి చూస్తే పక్కింటి మేక లోపలికొచ్చి, మంచంతా మేసి, ఆపైన గొర్రెల కాపరి గడ్డం కూడా తినేసింది.

ప్రతి ఏడాదీ సండే స్కూల్ పిల్లల్లో ఎవరో ఒకరు అడుగుతారు, "టీచర్, నిజం మంచు ఇలాగే ఉంటదా?" అని. మా అత్త తడుముకోకుండా, "అచ్చం ఇలాగే ఉంటుంది" అంటుంది. బళ్లో కూడా అంతే. హిమాలయాల పాఠం సర్వీసంతా చెప్పింది. ఎక్కడెంత మంచుంటుందో, ఎప్పుడు కరుగుతుందో, ఏ నదిలో కలుస్తుందో బోర్డు మీద గీసి మరీ చెప్పింది. మంచు మాత్రం ఎన్నడూ చూడలేదు. ఆవిడ చూసిన అత్యంత ఉత్తర ప్రాంతం తాడేపల్లి. చూడని దాని గురించి అచ్చం ఇలాగే అని చెప్పడం ఆవిడకి రిటైరయ్యాక మనసులో గుచ్చుకోవడం మొదలెట్టింది. పింఛను వస్తుంటే మనిషికి తీరిక పెరుగుతుంది, తీరిక పెరిగితే ఇలాంటివి గుచ్చుకుంటాయి.

"గదిని చల్లబరిచే గొట్టాల మీద బాగా పేరుకుంటుందట," అంది పాస్టరమ్మగారు.

"అయితే వాళ్లు మనింటికి రావడం, నేను కాఫీ ఇవ్వడం అవన్నీ వద్దు. నేనే వెళ్లి చూస్తాను. ముందు మంచు చూస్తాను. ఆ తర్వాతే అవునో కాదో చెబుతాను."

మా నాన్న ఫోన్ చేశాడు. కానీ అరవై దాటిన మనిషి మంచు చూడాలంటోందని మగపెళ్లివారికి చెబితే మన పరువేం కావాలని ఆయనకి అనిపించింది. అందుకని, "ఒకసారి మీ స్టోరేజీ చూసి పోదామనుకుంటున్నాం బ్రదర్," అని మాత్రం చెప్పి పెట్టేశాడు. తర్వాత జరిగినదానికంతా ఈ పొదుపే కారణం.

శనివారం బయలుదేరాం. చలికాలంలో రోడ్డు పక్కన ఉన్ని బట్టలు పరుచుకుని అమ్మేవాళ్ల దగ్గర అత్త ఒక మెరూన్ స్వెట్టరు కొనుక్కుంది. మా నాన్న మంకీ క్యాప్ పెట్టాడు. అమ్మ నాకు ఎవరిదో శాలువా కప్పింది. మిట్టమధ్యాహ్నం, ఎండ ఫెళ్లుమంటోంది. వీధిలో వాళ్లు ఏమీ అడగలేదు. చూశారంతే.

సరిగ్గా గుమ్మం దాటుతుంటే మా అమ్మ తుమ్మింది. మేం శకునాలు నమ్మం. మూడు తరాలుగా క్రైస్తవులం. కాకపోతే బయలుదేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే మా నాన్న వెనక్కొచ్చి, కుర్చీలో కూర్చుని, గ్లాసుడు మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరతాడు. అదేమిటంటే దాహం అంటాడు.

స్టోరేజీ గేటు దగ్గర ఆయన్ని పోల్చుకోవడం కష్టం కాలేదు. ఆ ఎండలో స్వెట్టరు, మఫ్లరు వేసుకుని నిలబడ్డ మనిషి ఆయనొక్కడే. రోజంతా ఆ చలిగదుల్లోకి వెళ్లి వస్తుండే మనిషికి మే నెలలో కూడా అదే వేషమట. కారు దిగిన మమ్మల్ని చూసి హమాలీలు బస్తాలు దించడం ఆపారు. స్వెట్టర్లలో దూరం నుంచి మేం ఆయన తరఫు చుట్టాల్లాగే ఉన్నాం.

"వందనాలండీ. రండి రండి. టీ తాగుతారా, లోపలికెళ్దామా?"

"లోపలికే," అంది అత్త.

మిర్చి కోల్డ్ స్టోరేజీ లోపల ఎలా ఉంటుందంటే, ముందు ముక్కు వెళ్తుంది, మనిషి తర్వాత వెళ్తాడు. చీకటి, చెక్క అటకలు, అటకల మీద అటకలు, వాటి నిండా ఏడాదంతా నిలవున్న మిర్చి. డిసెంబరు కనుక సరుకు చాలావరకు వెళ్లిపోయింది గానీ ఘాటు ఎక్కడికీ వెళ్లలేదు. చలి ఒక పక్క కొరుకుతుంటే ఘాటు ఇంకో పక్క కొరుకుతోంది. మొదట మా నాన్న తుమ్మాడు. తర్వాత నేను. తర్వాత అమ్మ వరుసగా. మా నాన్న అలవాటు కొద్దీ కుర్చీ కోసం చుట్టూ చూశాడు. ఆ లెక్కన మేం ఆ గదిలోనే స్థిరపడిపోవాలి. ఆపరేటరుగారు మాత్రం ఒక్కసారీ తుమ్మలేదు. ఆయన ముక్కు ఎప్పుడో ఆ వూరి పౌరసత్వం తీసుకుంది.

అత్త ఫోన్‌లో టార్చి వేసి పైకి చూసింది. కప్పు నిండా గొట్టాలు. నల్లగా, తడిగా, నిగనిగలాడుతున్నాయి.

"బాగా చూడండి టీచర్ గారూ," అన్నాడాయన. గొంతులో గర్వం దాగడం లేదు. "మీరొస్తున్నారని వారం నుంచీ మనుషుల్ని పెట్టి గీకించాను. నీళ్లు కొట్టించాను. చూడండి, ఒక్కొక్క గొట్టం కొత్తపెళ్లికూతురిలా ఉంది." ఆ పోలిక తన నోట్లోంచే వచ్చిందని తెలిసేసరికి ఆయన కాస్త తడబడి మఫ్లరు సర్దుకున్నాడు.

"ఏం గీకించారు?" అంది అత్త.

"మంచేనండీ. బెత్తెడు మందం పేరుకుపోయింది. చూడ్డానికి ఇంటికొచ్చేవాళ్లకి ఆ చెత్తంతా చూపిస్తామా ఏంటి?"

అత్త టార్చి కిందికి దించింది. మా నాన్న తుమ్మాడు.

"ఎక్కడ పోశారు?"

"వెనకాల కాలవ దగ్గర పోయించానండీ."

అత్త వెనక్కి తిరిగి, తలుపు తోసుకుని, వెనకాలకి వెళ్లింది. మేమంతా ఆవిడ వెనక. కాలవ పక్కన మట్టి తడిగా ఉంది. తడిలో అక్కడక్కడా మిరప గింజలున్నాయి. సరిగ్గా మంచు పోసిన చోట ఒక కుక్క పొట్ట చల్లగా ఆనించుకుని, కళ్లు మూసుకుని పడుకుంది. అంత తృప్తిగా పడుకున్న జీవిని నేను మా ఇంట్లో చూడలేదు.

అత్త దాని వంక చాలాసేపు చూసింది. "దానికి రాసిపెట్టుంది," అంది.

ఆఫీసు గదిలో టీ ఇచ్చారు. వేటపాలెం నుంచి కూతురు పంపిన జీడిపప్పు ప్లేటులో పోసి పెట్టారు. మా అమ్మ కళ్లు తుడుచుకుంటూనే ఒక్కో పప్పూ విరిచి చూసి బాగుందని తేల్చింది. ఆపరేటరుగారు నన్ను వరండాలోకి పిలిచాడు.

"ఏమైందండీ? ఎక్కడైనా సరిగ్గా గీకలేదా?"

విషయం చెప్పాను. ఆయన గోడకానుకున్నాడు.

"ముందే చెప్పొచ్చు కదండీ! ఉన్నదంతా ఉంచేవాణ్ణి. పక్క గదిలోది తెచ్చి అతికించేవాణ్ణి కూడా."

తిరుగు దారిలో మా నాన్న మంకీ క్యాప్ తీసి చెమట తుడుచుకున్నాడు. తేలికపడ్డట్టు కనిపించాడు. "పోన్లే అక్కా. మర్యాదగా కుదరదని చెప్పేద్దాం."

"ఎందుకు కుదరదు?"

"మంచు లేదుగా."

"నా కోసం వారం పాటు గీకించాడ్రా. మీ బావ నా కోసం ఏనాడూ బూజు కూడా దులపలేదు."

"అయితే సరేనంటావా?"

"మంచు చూడందే ఏమీ అనను."

మా నాన్న మంకీ క్యాప్ మళ్లీ పెట్టుకున్నాడు.

మర్నాటి నుంచి నా ఫోన్‌కి వాట్సాప్‌లో సమాచారం మొదలైంది. నేను గుంటూరులో ఒక కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. క్లాసు మధ్యలో ఫోన్ మోగేది. "సార్ వందనాలు. మంచు ఇప్పుడు గోరు మందం." ఇంకో రోజు, "సార్, చిటికెన వేలు." ఆ తర్వాత, "సార్, బొటనవేలు. టీచర్ గారికి చెప్పగలరు." ఫొటో పంపమంటారా అని అత్తనడిగితే వద్దంది. ఫొటోలో చూడాలంటే గ్రీటింగ్ కార్డు చాలుగా అంది. కానీ రోజూ నేను కాలేజీ నుంచి రాగానే, చెప్పులు విప్పకముందే, "ఎంతవరకూ వచ్చింది?" అని అడిగేది. మా నాన్న టీవీ సౌండు పెంచేవాడు.

చూడ్డానికి మాత్రం వెళ్లదు. ఒక రోజు క్రిబ్ పని, ఒక రోజు పిల్లల నాటకం ప్రాక్టీసు, ఒక రోజు దేవదూత రెక్క విరిగింది. ఈలోగా అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. గొట్టాల మీద మంచు పేరుకుంటే గదికి చల్లదనం సరిగ్గా అందదు, కరెంటు ఎక్కువ కాలుతుంది. మేనేజరు వచ్చి ఇదేమిటి, వెంటనే తీయించు అన్నాడట. ఆపరేటరుగారు గీకే పార విరిగిందని చెప్పాడు. అది నిజమే. ఎవరు విరిచారని మేనేజరు అడగలేదు.

"సార్, జానెడు దగ్గరికొచ్చింది. మేనేజరుగారు రేపు కొత్త పార పంపిస్తానన్నారు."

అది అత్తకి చదివి వినిపించాను. "అత్తా, పాపం ఆయన ఉద్యోగం మీదికి తెచ్చుకుంటున్నాడు. చూస్తావా, లేదా? భయంగా ఉంటే చెప్పు."

"నాకు భయమేంట్రా?" అని కస్సుమంది. పత్తిలోంచి గింజ తీసి పక్కన పెట్టింది. ఇంకోటి తీసింది. "చూశాక ఏదో ఒకటి చెప్పాలి కదరా," అంది చిన్నగా.

క్రిస్మస్ ముందు రోజు పొద్దున్నే మెరూన్ స్వెట్టరు వేసుకుని కారు దగ్గర నిలబడింది. అమ్మానాన్నల్ని రానివ్వలేదు. "మీరు వస్తే తుమ్ములు తప్ప ఏమీ వినబడవు," అంది.

ఈసారి ఆయన టీ కూడా అడగలేదు. తలుపు తీసి, నిచ్చెన వేసి, అది కదలకుండా కాలితో తొక్కిపట్టి, పక్కకి తిరిగి నిలబడ్డాడు. అత్త రెండు మెట్లెక్కింది. టార్చి వెలుగులో గొట్టాలు కనిపించలేదు. ఉన్నదంతా తెలుపే. అత్త స్వెట్టరు చెయ్యి పైకి లాక్కుని వేళ్లతో తాకింది. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్లీ తాకింది. ఈసారి ఒక ముద్ద ఊడి అరచేతిలోకి వచ్చింది.

"ఇది పత్తిలా లేదురా," అంది.

"ఎలా ఉంది?"

"ఉప్పులా గరగరలాడుతోంది. కరుస్తోంది. నీళ్లయిపోతోంది. ఇదేంటి, లోపల మిరప గింజ కూడా ఉంది." నేను వద్దనేలోగా కొంచెం నాలిక మీద వేసుకుంది. "కారంగా ఉంది!"

అంత సంతోషంగా ఎవరైనా కారమనడం గుంటూరులో కూడా నేను వినలేదు.

నిచ్చెన దిగింది. చేతిలో ఉన్నది కరిగి మోచేతి దాకా కారుతోంది. కళ్లలోంచి కూడా కారుతోంది. ఆ గదిలో దానికి వేరే కారణాలు వెతకనవసరం లేదు. "ఇన్నేళ్లూ పిల్లలకి అచ్చం పత్తిలాగే ఉంటుందని చెప్పానండీ," అంది ఆయనతో. "ఒక్క ముక్కా నిజం కాదు."

నేనైతే, పోనీలే అత్తా, పిల్లలకేం గుర్తుంటుంది అనేవాణ్ణి. అనబోయాను కూడా. ఆయన కాస్త ఆలోచించి అన్నాడు.

"పిల్లలెంతమంది టీచర్ గారూ?"

"ఓ ముప్పై మంది ఉంటారు."

"అయితే పెద్ద పెట్టె కావాలి," అని వెళ్లిపోయాడు. చేపల పార్సిళ్లకి వాడే థర్మోకోల్ పెట్టె ఒకటి ఎక్కడో సంపాదించుకుని వచ్చాడు. వస్తూ వస్తూ మేనేజరు పంపిన కొత్త పార కూడా తెచ్చాడు.

ఇన్నేళ్లలో ఆయన తన మెషిన్‌ని ఇంకొకరికి అప్పజెప్పింది ఆ ఒక్క రోజే. వెనక సీట్లో పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మంచు కరక్కుండా దారి పొడవునా ఏసీ నిండుగా పెట్టించింది అత్త. వాళ్లిద్దరికీ స్వెట్టర్లున్నాయి. నా మీద పల్చటి చొక్కా ఉంది. ఆ ఏడాది నాకు చలికాలం వచ్చింది ఆ కారులోనే.

సాయంత్రం ఆరాధనకి ముందు క్రిబ్ మీది పత్తంతా తీసేసి మంచు పోశారు. సగం కరిగిపోయినా పాక కప్పుకి సరిపోయింది. బేత్లెహేము కాస్త చేపల వాసన వేసింది గానీ ఎవరూ పట్టించుకోలేదు. నాటకం మొదలవక ముందే పిల్లలందరినీ వరుసలో నిలబెట్టి, "తాకి చూడండి. నేనిన్నాళ్లూ చెప్పింది తప్పు. మంచు ఇలా ఉంటుంది," అంది అత్త. గొర్రెల కాపరులు తాకారు. జ్ఞానులు తాకారు. దేవదూతలు రెండేసిసార్లు తాకారు. తర్వాత అందరూ చేసే పనే చేశారు. ఆ చేత్తోనే కళ్లు నులుముకున్నారు.

నాటకం సగానికి వచ్చేసరికి వేదిక మీద ఏడవని పాత్ర లేదు. గబ్రియేలు దూత శుభవార్త చెబుతూ వెక్కి వెక్కి ఏడ్చాడు. తూర్పు జ్ఞానులు నక్షత్రాన్ని చూడలేక కళ్లు మూసుకునే నడిచి తొట్టిని తన్నేశారు. పాస్టరుగారు మైకు అందుకుని, "చూశారా ప్రియులారా, ఈ పసి హృదయాలు ఎలా కరిగిపోతున్నాయో!" అన్నారు. ఆయన కూడా కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ముందు వరుసలో ఉన్న ఆడవాళ్లు కొంగులు తీశారు. విషయం అర్థమైంది ఒక్క మా అమ్మకే. విందుకని పెట్టిన పెరుగు గిన్నె తెచ్చి, వేదిక పక్కన కూర్చుని, దిగి వచ్చిన పాత్రని వచ్చినట్టు పట్టుకుని ముందు మొహం కడిగి, తర్వాత చేతులు పెరుగులో ముంచింది.

దేవదూత వేషం వేసిన ఒక పిల్ల పెరుగు చేతులు చాచుకుని, ఏడుపు ఆపుకుని అడిగింది, "టీచర్, వచ్చే ఏడాది కూడా తెస్తారా?"

"తేవడమెందుకే? అందరూ మా ఇంటికే వచ్చెయ్యండి, చూపిస్తాను," అంది అత్త.

పక్కనే ఉన్న మా నాన్న నవ్వాడు. "మా ఇంట్లో మంచెక్కడుందక్కా?"

"మీ ఇంట్లో ఉందని ఎవరన్నార్రా? మా ఇంట్లో అన్నాను."

ఆపరేటరుగారు మఫ్లరు ఒకసారి విప్పి, మళ్లీ చుట్టుకుని, "నేను మెషిన్ చూసుకోవాలండీ," అని ఎవరితోనూ కాకుండా చెప్పి, ఖాళీ పెట్టె అక్కడే మర్చిపోయి వెళ్లిపోయాడు.  ఆ రాత్రి మా నాన్న టీవీ పెట్టలేదు.

మా సంఘంలో పెళ్లికి ముందు వరుసగా మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారు. కొత్త సంవత్సరం మొదటి ఆదివారం పాస్టరుగారు ఇద్దరి పేర్లూ చదివి, "ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరమున్న యెడల ఇప్పుడే తెలియజేయవలెను," అని ఆగారు. చర్చంతా నిశ్శబ్దం. ఫ్యాన్లు కూడా తిరగడం లేదు.

అత్త మెరూన్ స్వెట్టరు వేసుకుని మా ముందు వరుసలో కూర్చుంది. ఉదయం నుంచీ ఆ స్వెట్టరుకి దగ్గరగా కూర్చోవద్దని అమ్మ చెబుతూనే ఉంది. ఎన్నిసార్లు ఉతికినా దానికి ఆ ఘాటు వదల్లేదు. మా నాన్న ముక్కు పట్టుకున్నాడు. నోరు మూసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. తర్వాత చర్చి కిటికీలు అదిరేలా తుమ్మాడు.

సంఘమంతా వెనక్కి తిరిగి చూసింది. పాస్టరుగారు కళ్లజోడు పైనుంచి చూశారు.

"అభ్యంతరం కాదండీ," అన్నాడు మా నాన్న లేచి నిలబడి. కళ్ల వెంట ధారగా నీళ్లు కారుతున్నాయి. "మిర్చి."

అత్త వెనక్కి తిరగలేదు. తన చేతిరుమాలు తీసి, భుజం మీంచి వెనక్కి అందించింది. మా నాన్న తుడుచుకోవాల్సినదానికన్నా ఎక్కువసేపే తుడుచుకున్నాడు. తర్వాత అలవాటు ప్రకారం కూర్చుని, బైబిలు సంచీలోంచి మంచినీళ్ల సీసా తీసి తాగాడు.